‘మీకేమీ లేదమ్మా’ అని మమ్మల్ని ఇంటికి పంపకండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు ఒక ఉపాధ్యాయురాలి బహిరంగ లేఖ



నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎనిమిదేళ్లుగా నాకు పానిక్ డిజార్డర్ అనే జబ్బుంది. బీపీ ఉన్నవాళ్లు, షుగరున్నవాళ్లు వాటితో ఎలా నెట్టుకొస్తున్నారో నేనూ దీంతో అలాగే నెట్టుకొస్తున్నాను. బడికి వెళ్తున్నాను, ఒంటరిగా బస్సెక్కుతున్నాను, పరీక్ష డ్యూటీలు చేస్తున్నాను. ఈ మాట ఇంత మామూలుగా రాయడానికి ముందు, జబ్బు పేరు తెలియడానికే ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నన్ను ఎక్కువగా తిన్నది జబ్బు కాదు, దాని పేరు చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకకపోవడం. అందుకే ఈ లేఖ.

అది మొదలైంది ఒక ఫిబ్రవరిలో, మధ్యాహ్నం రెండున్నరకు. పదో తరగతి ప్రీఫైనల్ పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని తాడేపల్లిగూడెంలో భీమవరం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పిప్పర దాటాక చేపల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో గొడవ లేదు, చెడ్డ కబురేదీ రాలేదు. ఉన్నట్టుండి గుండె ఒక్కసారి జారినట్టయింది. ఆ వెంటనే పరుగందుకుంది. గొంతులో, చెవుల్లో, కడుపులో ఎక్కడ చూసినా గుండే కొట్టుకుంటోంది. ఊపిరి లోపలికి వెళ్తోంది గానీ చాలడం లేదు. పెదవుల చుట్టూ తిమ్మిరి. వేళ్ల చివర చీమలు పాకుతున్నట్టు. ఎందుకో తెలియదు, పేపర్ల కట్టకున్న పురికొస ముడి విప్పబోయాను. వేళ్లు వంగలేదు. నేను ఈ బస్సులోనే చచ్చిపోతున్నాననుకున్నాను. ఇంకో ఆలోచనకు చోటు లేదు.

కండక్టరు బస్సాపించాడు. వెనక సీట్లోని ఒకావిడ నా అరచేతులు రుద్దుతూ, ‘గ్యాసమ్మా, గ్యాసు పైకి తన్నితే ఇలాగే ఉంటుంది’ అంది. ఎవరో సోడా తెచ్చారు. 108 వచ్చింది. ఆసుపత్రిలో ఈసీజీ తీసేసరికి నా గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. డ్యూటీ డాక్టరు కాగితం చూసి, ‘మీకేమీ లేదమ్మా. టెన్షన్ పెట్టుకోకండి’ అని గ్యాసు మాత్రలు రాసి పంపేశారు. ఆయన తప్పు మాట అనలేదు. గుండెకు నిజంగానే ఏమీ లేదు. కానీ ‘ఏమీ లేదు’ అనిపించుకున్న మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తుంది? ఇంత జరిగాక ఏమీ లేదంటే వీళ్లకు దొరకని పెద్ద జబ్బేదో ఉందనుకుంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

తర్వాతి ఏడాదిన్నరలో మూడు ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష, ఒక ఎండోస్కోపీ అయ్యాయి. మా వీధి ఆర్‌ఎంపీ నీరసమని నాలుగుసార్లు సెలైన్ ఎక్కించాడు. మా అత్తయ్య ప్రతి అమావాస్యకూ దిష్టి తీసింది. మా అమ్మ ఆంజనేయస్వామి గుడిలో అంత్రం కట్టించుకొచ్చింది. ఇద్దరూ నా మీద ప్రేమతోనే చేశారు. నా ప్రాణం కోసం వాళ్లకు తెలిసిన తలుపులన్నీ తట్టారు. తట్టవలసిన తలుపు ఏదో ఎవరూ చెప్పలేదు.

ఈలోగా నా లోకం చిన్నదవుతూ వచ్చింది. మొదట భీమవరం బస్సు మానేశాను. తర్వాత ఏ బస్సూ ఎక్కలేదు. తర్వాత ఆటో అయినా పక్కన మావారు ఉంటేనే. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను, వెళ్లినా గుమ్మం దగ్గరి కుర్చీయే. సంతకెళ్లడం పోయింది, సినిమా పోయింది. బడిలో కూడా తలుపు పక్కన నిలబడి పాఠం చెప్పేదాన్ని. బ్యాగులో నీళ్లసీసా, గ్యాసు మాత్రలు, ఈసీజీ కాగితాల జిరాక్సులు. మావారు పాపం తన పనులు మానుకుని ప్రతిచోటికీ తోడొచ్చారు. ఆయన తోడు నాకు ధైర్యమని ఇద్దరమూ అనుకున్నాం. తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకొంచెం బలిసిందని, తోడు దొరికిన ప్రతిసారీ ‘నేనొక్కదాన్నీ ఉండలేను’ అన్న నమ్మకం గట్టిపడిందని ఆ తర్వాత తెలిసింది.

దారి చూపింది నా దగ్గర చదువుకుని స్టాఫ్ నర్సయిన పిల్ల. ‘టీచర్, ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించుకోండి’ అంది. నాకు కోపమొచ్చింది. నెల్లాళ్లు ఆ పిల్ల ఫోనెత్తలేదు. మన నాలుక మీద, హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరు తిట్టుగా మారిపోయింది. విశాఖ మానసిక వైద్యశాల పేరూ అంతే. ఆ మాటలు బడి ఆవరణలో పిల్లలు ఒకరి మీద ఒకరు విసురుకుంటుంటే విని ఊరుకున్న టీచర్లలో నేనూ ఒకదాన్ని. నా వంతు వచ్చినప్పుడు అదే మాట నా కాళ్లకు అడ్డం పడింది.

చివరికి రాజమండ్రి వెళ్లాం. డాక్టరమ్మ నా కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశారు. థైరాయిడ్ చూపించారా అని అడిగారు. ఆ గ్రంథి ఎక్కువ పనిచేసినా ఇలాగే దడ వస్తుందట. ఆ రిపోర్టూ బాగానే ఉంది. అప్పుడు నన్ను కుర్చీలోంచి లేపి, ‘ఒక్క నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలండి, పరిగెత్తి వచ్చినట్టు’ అన్నారు. గోడ గడియారం చూస్తూ మొదలుపెట్టాను. నలభై సెకన్లకు పెదవుల చుట్టూ తిమ్మిరి ఎక్కింది. వేళ్ల చివర చీమలు పాకాయి. తల తిరిగింది, గుండె గొంతులోకొచ్చింది. అదే బస్సు, అదే పిప్పర దాటిన రోడ్డు. భయంతో ఆవిడ ముఖంలోకి చూశాను. ‘ఇదేనా?’ అన్నారు. ‘ఇదేనండీ’ అన్నాను. ‘దీన్ని ఇప్పుడు మీరే తెప్పించుకున్నారు. గుండెజబ్బును ఎవరూ ఇలా గడియారం చూసి తెప్పించుకోలేరు. కూర్చోండి, అదే పోతుంది’ అన్నారు. కూర్చున్నాను. నాలుగు నిమిషాల్లో పోయింది. అప్పుడు దాని పేరు చెప్పారు. ఏడాదిన్నరలో నాకు జరిగిన మొదటి వైద్యం ఆ పేరు.

ఆవిడ చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. మెదడులో అమిగ్డాలా అని బాదంగింజంత భాగం ఉంది. ప్రమాదం కనబడగానే గంట కొట్టడం దాని పని. గంట మోగగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. కాళ్లకు రక్తం పంపడానికి గుండె వేగం పెంచుతుంది. పరిగెత్తడానికి ఊపిరి జోరందుకుంటుంది. నిజంగా పాము ఎదురైతే ఇదంతా ప్రాణం కాపాడే ఏర్పాటు. పాము లేకుండా గంట మోగడమే ఈ జబ్బు. పరిగెత్తకుండా కూర్చునే గబగబా గాలి పీల్చేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. పెదవుల తిమ్మిరి, వేళ్ల చివర చీమలు, తల తిరగడం దాని నుంచే. ఆ లక్షణాలు చూసి మనసు ‘గుండెపోటు’ అంటుంది. ఆ మాటకు గంట ఇంకా గట్టిగా మోగుతుంది. ఈ విషవలయాన్ని బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో విడమరచి చూపారు. ఈ పానిక్ పోటు సాధారణంగా పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత దానంతటదే దిగిపోతుంది. తాడును చూసి పామనుకున్న కథ మన పెద్దలు వేదాంతానికి వాడుకున్నారు. నేను చేర్చగలిగింది ఒక్కటే: పాము అబద్ధమైనా పట్టిన చెమట నిజం. ‘అంతా నీ ఊహ’ అని కొట్టిపారేసేవాళ్లు ఆ చెమటను చూడరు.

పానిక్ డిజార్డర్ ఒక ఆందోళన రుగ్మత. ఆందోళన రుగ్మతలన్నీ నాకు వచ్చినట్టే రావు. కొందరికి పోటులా వస్తుంది. కొందరికి పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా లోపల గుబులు గుబులుగానే ఉంటుంది. పిల్లాడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ప్రమాదమే కళ్ల ముందు కదులుతుంది, మెడ పట్టేస్తుంది, నిద్ర పట్టదు. కొందరికి నలుగురిలో నోరు విప్పాలంటే ప్రాణం పోతుంది. తెలివైన పిల్లలు లేచి జవాబు చెప్పలేక బడి మానేయడం నా సర్వీసులో చూశాను. వాళ్లకు సిగ్గెక్కువ అనుకున్నాం తప్ప జబ్బనుకోలేదు.

నాకున్నది సెల్‌ఫోన్లు తెచ్చిన కొత్త జబ్బేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు గుండెలో లోపం లేకుండానే ఇలా దడతో పడిపోవడాన్ని డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే గ్రంథస్థం చేశాడు. పానిక్ డిజార్డర్ అన్న పేరుతో అది అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రామాణిక గ్రంథంలోకి వేరే జబ్బుగా ఎక్కింది 1980లో. వైద్యశాస్త్రానికే ఆ పేరు కుదరడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ పేరు మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా నడిచి రావడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

తెలుగు టీచర్ని కాబట్టి భాష సంగతీ చెప్పాలి. యాంగ్జైటీకి మనం ‘ఆందోళన’ అని రాసుకున్నాం. పేపరు తిరగేస్తే ఆందోళన అంటే ధర్నా, రాస్తారోకో. ఆరోగ్య కేంద్రం గోడ మీద ‘ఆందోళన రుగ్మత లక్షణాలు’ అని పోస్టరు అంటిస్తే మా వీధి ఆడవాళ్లలో ఒక్కరూ అది తమ గురించేనని అనుకోరు. వాళ్ల మాటలు వేరు. దడ. గాబరా. గుబులు. గుండె జారిపోవడం. కాళ్లూచేతులూ చల్లబడటం. మా అక్కను నిజామాబాద్ జిల్లాకు ఇచ్చారు, ఆ వైపు బుగులు అంటారు. మీ శాఖలు రోగిని అడగవలసిన మొదటి ప్రశ్న ఆ మాటల్లో ఉండాలి. ‘దడ వస్తోందా అమ్మా? వచ్చినప్పుడు ప్రాణం పోతుందేమోనని భయమేస్తోందా?’ ఇంత చాలు, నోరు విప్పుతారు.

ఇక లెక్కలు. 2017లో మన దేశంలో 4.49 కోట్ల మందికి ఆందోళన రుగ్మతలున్నాయని లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన అంచనా చెప్పింది. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మానసిక జబ్బులున్నవారిలో వైద్యం అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా తేలారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

వైద్యం అందనివారు ఊరికే కూర్చోరు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పుచ్చుకుంటారు. అందులో ఎక్కువ ప్రమాదం ఆల్ప్రజోలం. ఆ మాత్ర వేసుకుంటే అరగంటలో దడ తగ్గుతుంది, నిజమే. అందుకే అది చేతికి అలవాటవుతుంది. కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు దానికి బానిసవుతుంది, ఉన్నట్టుండి మానేస్తే ముందటికంటే పెద్ద దడ, వణుకు, ఒక్కోసారి ఫిట్సు. ఈ సంగతి తెలంగాణ మంత్రిగారికి నేను చెప్పక్కర్లేదు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్సుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు బారులు తీరారు. కల్లులో కలిపే మత్తుమందుల్లో ఆల్ప్రజోలం ఒకటి. అదే మందు మాత్ర రూపంలో ‘నిద్రమాత్ర’ అన్న పేరుతో మన ఇళ్లలో తిరుగుతోంది. 2014 నుంచి అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. చట్టం ఉంది. ఆ రిజిస్టర్లు తెరిపించి చూసే పని మీది.

అసలు వైద్యం ఖరీదైనదేమీ కాదు. నాకు ఎస్సిటాలోప్రామ్ అనే మందు మొదట అరమాత్రతో మొదలుపెట్టారు. మొదటి వారం దడ కాస్త పెరిగినట్టే అనిపించింది. అలా అనిపిస్తుందని, భయపడి మానేయవద్దని డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి మానలేదు. నాలుగైదు వారాలకు తేడా తెలిసింది. ఆ మాత్ర జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మందుతోపాటు వారం వారం సైకాలజిస్టు దగ్గర కూర్చోవడం. దాన్ని సీబీటీ అంటారు. మనసుకు తప్పుడు లెక్క అలవాటైతే కూర్చోబెట్టి మళ్లీ లెక్క నేర్పడం లాంటిది. మొదటి వారం మా వీధి చివరిదాకా ఒంటరిగా నడక. రెండో వారం బస్టాండుకు వెళ్లి బస్సెక్కి, బయలుదేరకముందే దిగిపోవడం. తర్వాత ఒక స్టాపు. తర్వాత మూడు. దడ వచ్చినా దిగకూడదు. కూర్చుని, అది ఎక్కి దిగేదాకా చూడాలి. తొమ్మిదో వారం తాడేపల్లిగూడెంలో భీమవరం బస్సెక్కాను. పిప్పర దాటాక గుండె వేగం పెరిగింది. కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చున్నాను. భీమవరంలో దిగి మావారికి ఫోన్ చేసి ‘వచ్చేశాను’ అన్నాను. ఇద్దరమూ కాసేపు మాట్లాడలేకపోయాం.

అయితే ఆ తొమ్మిది వారాలూ రాజమండ్రి రానుపోను ఖర్చు, సెలవులు, ఫీజులు జీతమున్న మనిషిని కాబట్టి భరించాను. నాట్లేసే మనిషికి, రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడపిల్లకు ఇవన్నీ ఎవరిస్తారు? మంచమెక్కిన రోగికి ప్రభుత్వ ఆరోగ్య కార్డు పనికొస్తుంది. ఈ జబ్బుకు మంచం అక్కర్లేదు. ఓపీ, మాత్ర, మాట కావాలి.

మా జిల్లా నుంచే మీకొక రుజువు చూపిస్తాను. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో ఒక ప్రయత్నం చేసింది. ఆశా కార్యకర్తలు ట్యాబు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి దిగులు గురించి, గాబరా గురించి అడిగారు. లక్షణాలున్నవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపి, తర్వాత కూడా వెంటబడి చూసుకున్నారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అవసరమున్నవాళ్లలో మానసిక వైద్యం అందుకున్నవారు అంతకుముందు 0.8 శాతం, ఆ తర్వాత 12.6 శాతం. ఇంకా వందలో 87 మంది బయటే ఉన్నారన్న మాట నిజమే. కానీ వందకు ఒక్కరు కూడా లేనిచోట పన్నెండు మంది దాటడం పెద్ద పెద్ద ఆసుపత్రులు కట్టి సాధించింది కాదు. మా ఊళ్లలో ఇప్పటికే తిరుగుతున్న ఆశాలు, ఇప్పటికే కుర్చీలో ఉన్న డాక్టర్లే చేశారు.

కాబట్టి నేను అడిగేవి కొండమీది కోతులు కావు.

మొదటిది, బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ వచ్చే ఏఎన్‌ఎమ్ చేత ఇంకో రెండు ప్రశ్నలు అడిగించండి. జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పట్టిక 2006 నుంచి ప్రపంచమంతా వాడుతోంది. మొత్తం 21 మార్కులు, 10 వస్తే డాక్టరు చూడాలి. అందులో మొదటి రెండు ప్రశ్నలే తొలి వడపోతకు చాలు. వాటిని కోస్తాలో కోస్తా మాటల్లో, సీమలో సీమ మాటల్లో, తెలంగాణలో తెలంగాణ మాటల్లో రాయించండి.

రెండోది, గుండెదడతో వచ్చి ఈసీజీ, రక్తపరీక్షలు బాగున్న ఎవరినీ ‘ఏమీ లేదు’ అని పంపవద్దని ప్రతి ప్రభుత్వ వైద్యుడికీ రాతపూర్వకంగా చెప్పండి. ‘మీ గుండె బాగుంది. ఇది పానిక్ పోటు అయ్యుండొచ్చు. దీనికి మందుంది’ అనడానికి అర నిమిషం చాలు. చేతిలో పెట్టడానికి ఒక్క పేజీ తెలుగు కాగితం ఇవ్వండి.

మూడోది, మందు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కని అందులో 18వ సెక్షన్ అంటోంది. అత్యవసర జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ఆసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా ఉండాలని కూడా అదే సెక్షన్ అంటోంది. ‘ఎల్లవేళలా’ అన్న మాటను దయచేసి అక్షరాలా తీసుకోండి. ఈ మందు పదిహేను రోజులిచ్చి, స్టాకు లేదని పదిహేను రోజులు ఆపేదైతే అసలు ఇవ్వకపోవడమే మేలు.

నాలుగోది, మాట. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. ఆ బృందం మా మండలానికి నెలలో ఏ రోజు వస్తుందో ఆరోగ్య కేంద్రం బోర్డు మీద రాయించండి. వాళ్లను వేరే గదిలో, వేరే బోర్డు కింద కూర్చోబెట్టకండి. మామూలు ఓపీ వరుసలోనే ఉంచండి. వేరే గది ముందు నిలబడితే ఊరంతా చూస్తుంది.

ఐదోది, మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందికి ఈ జబ్బుందో, ఎంతమందికి వైద్యం అందుతోందో ఏటా లెక్క తీసి జనం ముందు పెట్టండి.

ఈ లేఖ చదివే మా తోటివాళ్లకు కూడా ఒక మాట. మొదటిసారి ఛాతీలో నొప్పి, దడ వస్తే ఇదే జబ్బని మీకు మీరే తేల్చుకోకండి, గుండె పరీక్ష చేయించుకోండి. బాగుందన్నాక మళ్లీ మళ్లీ చేయించుకోకండి. పోటు వచ్చినప్పుడు పారిపోకండి. ఉన్నచోటే కూర్చుని ఊపిరి నిదానంగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. మందు మంచిగా పనిచేస్తోందని మీ అంతట మీరు ఆపకండి. ఇంట్లోవాళ్లు ‘ధైర్యంగా ఉండు’ అనకండి, ధైర్యం లేక వచ్చిన జబ్బు కాదిది. ప్రతిచోటికీ తోడూ వెళ్లకండి. ‘నేనిక్కడే ఉంటాను, నువ్వు వెళ్లి రా’ అనండి. రాత్రివేళ ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఈ లేఖ కింద నా పేరు రాయడం లేదు. నాకు సిగ్గు లేదు. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురుంది. తల్లికి ‘అలాంటి జబ్బు’ ఉందంటే సంబంధాలు వెనక్కి పోతాయి. షుగరున్న తల్లి కూతురికి రాని చిక్కు నా కూతురికి ఎందుకు రావాలో ఆలోచించండి. నా పేరు రాసుకోగలిగిన రోజు మీరు మీ పని చేసినట్టు లెక్క.

మొన్న డిసెంబరులో, సమ్మెటివ్ పరీక్ష మొదలైన పది నిమిషాలకు, మూడో బెంచీలో ఒక అమ్మాయి పెన్ను వదిలేసి ఛాతీ పట్టుకుంది. పెదవులు తెల్లబడ్డాయి. వేళ్లు వంకర్లు పోతున్నాయి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా ఊపిరి వదలమన్నాను. ఎనిమిది నిమిషాలకు తేరుకుంది. సాయంత్రం వాళ్లమ్మతో కలిసి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడ చూసి, ‘పిల్లకేమీ లేదమ్మా, పరీక్షల టెన్షను’ అన్నారు. బస్సు దిగి నేను విన్న మాటే, ఎనిమిదేళ్ల తర్వాత, పద్నాలుగేళ్ల పిల్ల విన్నది.

ఆ అమ్మాయికి ఏం జరిగి ఉండొచ్చో చెప్పడానికి, ఎక్కడ చూపించాలో చెప్పడానికి ఆ రోజు నేను పక్కనున్నాను. పక్కన ఎవరూ లేని పిల్లలు మీ ఆసుపత్రి మెట్లెక్కుతారు. వాళ్లకు ఆ పేరు చెప్పి, మందిచ్చి పంపండి.


పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు